ప్రోస్టేట్ క్యాన్సర్‌కి రెండో కీమో: ఒప్పుకునే ముందు నుంచి ఆపే దాకా

ఇంట్లో నాన్నకో తాతయ్యకో మామయ్యకో ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకింది, హార్మోన్ ఇంజెక్షన్లు అయ్యాయి, డోసిటాక్సెల్ అనే మొదటి కీమో కూడా అయింది, కొన్నాళ్ళు బాగానే తిరిగారు, ఇప్పుడు పీఎస్ఏ (ఈ జబ్బు తీరు చూపే రక్తపరీక్ష అంకె) మళ్ళీ ఎక్కుతోంది, డాక్టరు గారు "ఇంకో కీమో మొదలుపెడదాం" అన్నారు. మీరు ఇక్కడ ఉంటే ఇది మీకోసమే. మాది నెల్లూరు జిల్లా కావలి దగ్గర పల్లె, మా నాన్నతో ఈ దారంతా నడిచాం కాబట్టి రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు ఒక్కటి గట్టిగా చెప్పాలి. రెండో కీమోని మొదటిదానికి కొనసాగింపు అనుకుని తలూపేసి రావద్దు. మందు వేరు, మనిషి ఒంట్లో ఓపిక వేరు, దాని నుంచి ఆశించగలిగేది కూడా వేరు. దీన్ని కొత్త నిర్ణయంలాగే కూర్చుని తీసుకోవాలి, ఆ కూర్చునే వాళ్ళలో పేషెంటు కూడా ఉండాలి. మందు, డోసు మీ ఆంకాలజిస్టే, అంటే క్యాన్సర్ డాక్టరే నిర్ణయిస్తారు. ఆయన ముందు కూర్చునే ఆ పది నిమిషాలు వృథా పోకూడదు, ఇంటికొచ్చాక అర్ధరాత్రి ఏదైనా అయితే ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటూ ఉండిపోకూడదు, నా తాపత్రయం అంతా అందుకే.

1. సంచిలో ఉన్నదంతా ఒక కాగితం మీదికి తెండి

మన ఇళ్ళల్లో ఫైలంటే ఒక పెద్ద ప్లాస్టిక్ సంచి. అందులో స్కాన్ ఫిల్ములు, మందుల బిల్లులు, మూడేళ్ళ నాటి షుగర్ రిపోర్టు, అన్నీ కలిసిపోయి ఉంటాయి. ఏ డాక్టరుకైనా దాన్ని తిరగేసే టైం ఉండదు. మీరే ఒక తెల్లకాగితం తీసుకుని వరసగా రాయండి. డోసిటాక్సెల్ ఎన్ని సైకిళ్ళు (మందు ఎక్కించే విడతలు) పడింది, మొదటిది ఏ తేదీ, చివరిది ఏ తేదీ, ఎందుకు ఆపారు. ఆ "ఎందుకు" చాలా ముఖ్యం. అనుకున్న సైకిళ్ళన్నీ పూర్తయి ఆపడం ఒకటి, మందు వేస్తుండగానే జబ్బు పెరిగి ఆపడం ఇంకొకటి, తట్టుకోలేక మధ్యలో మానేయడం మరొకటి. ఇప్పుడు ఏ మందు ఇవ్వాలనేది చాలావరకు దీని మీదే ఆధారపడుతుంది.

దాని కింద పీఎస్ఏ విలువలు తేదీలతో సహా రాయండి. ఒక్క అంకె చూసి ఏమీ చెప్పలేరు, అది ఎంత వేగంగా ఎక్కుతోందో చూస్తారు. టెస్టోస్టెరాన్ (మగ హార్మోన్) పరీక్ష చేయించారా, చేయిస్తే ఎంత వచ్చింది? హార్మోన్ ఇంజెక్షన్ పనిచేస్తుంటే అది డెసిలీటరుకు 50 నానోగ్రాములకన్నా తక్కువ ఉండాలి. ఇంజెక్షన్ తేదీ దాటిపోయి టెస్టోస్టెరాన్ పెరిగి ఉంటే ముందు ఆ సంగతి చూడాలి. అబిరాటెరోన్, ఎంజాలుటమైడ్ లాంటి హార్మోన్ మాత్రలు ఏవి ఎన్ని నెలలు వాడారు, కటి భాగానికి రేడియేషన్ అయిందా, షుగర్, బీపీ, గుండె మందులు ఏమున్నాయి, అరచేతులూ అరికాళ్ళూ తిమ్మిర్లు ఉన్నాయా, ఇవన్నీ రాయండి.

ఇక్కడ మన జిల్లాల వాళ్ళకు మాత్రమే పనికొచ్చే మాట ఒకటుంది. కనిగిరి చుట్టుపక్కల, ఉమ్మడి ప్రకాశం పడమటి మండలాల్లో చిన్నప్పటి నుంచి ఫ్లోరైడ్ బోరునీళ్ళు తాగి పెరిగినవాళ్ళు ఆ సంగతి డాక్టరుకు నోరు తెరిచి చెప్పాలి. ఫ్లోరోసిస్ వల్ల ఎముకలు గట్టిపడి ఎక్స్‌రేలో తెల్లగా కనబడతాయి, బోన్ స్కాన్‌లో కూడా వెలుగుతాయి. ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకినా ఇంచుమించు అలాగే తెల్లగానే కనబడుతుంది. చెన్నైలోనో హైదరాబాదులోనో కూర్చున్న డాక్టరుకు మీ ఊరి నీళ్ళ సంగతి ఎలా తెలుస్తుంది? ఎముకల్లో కనబడేదంతా జబ్బు పెరగడమేనా, పాత ఫ్లోరైడ్ ప్రభావం కూడా అందులో ఉందా అనే అనుమానం వస్తే పాత ఫిల్ములతో పోల్చి చూస్తారు, అవసరమైతే ప్రోస్టేట్ క్యాన్సర్ కణాలను వెతికి చూపే పీఎస్ఎంఏ పెట్ స్కాన్ రాస్తారు. అందుకే పాత ఎక్స్‌రేలు పారేయొద్దు.

2. ఇస్తానంటున్న మందు ఏది, ఎందుకు అదే

రెండో కీమో అంటే ఎక్కువగా కాబాజిటాక్సెల్. డోసిటాక్సెల్ కుటుంబానికే చెందిన మందు. కొన్ని క్యాన్సర్ కణాలు డోసిటాక్సెల్‌ను లోపల నిలవనీయకుండా బయటికి తోసేయడం నేర్చుకుంటాయి, కాబాజిటాక్సెల్‌ను అంత తేలిగ్గా తోసేయలేవు. డోసిటాక్సెల్‌కు లొంగని జబ్బు మీద కూడా ఇది పనిచేయడానికి ఒక కారణం అదే. 2010 నుంచీ వాడుకలో ఉంది. మూడు వారాలకోసారి, సుమారు గంటసేపు నరం ద్వారా ఎక్కిస్తారు, దాంతోపాటు రోజూ ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర 10 మిల్లీగ్రాములు మింగాలి.

డోసు గురించి తప్పకుండా అడగండి. శరీర వైశాల్యం లెక్కన చదరపు మీటరుకు 25 మిల్లీగ్రాములు, 20 మిల్లీగ్రాములు అని రెండు కొలతలు ఉన్నాయి. ఈ రెండింటినీ పోల్చిన పెద్ద అధ్యయనంలో ఆయుష్షు విషయంలో 20 పెద్దగా వెనకబడలేదు, తెల్లకణాలు పడిపోవడం లాంటి ఇబ్బందులు మాత్రం తగ్గాయి. డెబ్బై దాటిన, మొదటి కీమోతో నలిగిన మనిషికి 20 సరిపోతుందా అని అడగడంలో తప్పేం లేదు. ఎక్కువ డోసు ఇస్తే ఎక్కువ ప్రేమ చూపినట్టు కాదు.

డోసిటాక్సెల్‌నే మళ్ళీ ఇవ్వడం కూడా ఉంది. మొదటిసారి బాగా పనిచేసి, కోర్సు అయ్యాక చాలా నెలల పాటు జబ్బు తలెత్తకుండా ఉన్నవాళ్ళకు ఆ దారి ఆలోచిస్తారు. మందు వేస్తుండగానే పీఎస్ఏ ఎక్కినవాళ్ళకు మళ్ళీ అదే ఇస్తామంటే ఎందుకని అడగాలి.

ఎంత లాభం ఉంటుందనే అంకెలు కూడా తెలిసి ఉండటమే మంచిదని నా అభిప్రాయం. వినలేమనుకునేవాళ్ళు ఈ పేరా వదిలేయండి. 2019లో వచ్చిన కార్డ్ అనే అధ్యయనంలో, డోసిటాక్సెల్ అయి, అబిరాటెరోన్, ఎంజాలుటమైడ్‌లలో ఒకటి వాడుతుండగా ఏడాదిలోపే జబ్బు పెరిగినవాళ్ళను తీసుకుని, సగం మందికి కాబాజిటాక్సెల్, సగం మందికి రెండో హార్మోన్ మాత్ర ఇచ్చి చూశారు. కాబాజిటాక్సెల్ తీసుకున్నవాళ్ళలో మధ్యస్థ ఆయుష్షు 13.6 నెలలు, మాత్రలవాళ్ళలో 11 నెలలు. స్కాన్‌లో జబ్బు పెరగకుండా ఆగిన కాలం వరసగా 8 నెలలు, 3.7 నెలలు. మధ్యస్థం అంటే సగం మంది అంతకన్నా ఎక్కువ కాలం ఉన్నారని, సగం మంది తక్కువ కాలం ఉన్నారని. మీ నాన్న ఏ సగంలో ఉంటారో ఆ అంకె చెప్పదు. ఇది జబ్బును పూర్తిగా తీసేసే మందు కాదని, కొంతకాలం అదుపులో పెట్టి, నొప్పి తగ్గించి, రోజులు కాస్త బాగా గడిచేలా చేసే మందని మాత్రం అర్థమవుతుంది.

కీమోకి ఒప్పుకునే ముందు మిగతా దారులు చూశారా అని కూడా అడగండి. బీఆర్‌సీఏ అనే జన్యువుల్లో మార్పు ఉందేమో చూసే పరీక్ష చేయించారా? ఆ మార్పు ఉన్నవాళ్ళకు ఓలాపరిబ్ లాంటి మాత్రలు పనిచేస్తాయి. పైగా ఆ మార్పు పిల్లలకు కూడా వచ్చి ఉండవచ్చు, అది ఆడపిల్లల్లో రొమ్ము, అండాశయ క్యాన్సర్లకు దారితీయవచ్చు కాబట్టి ఇది కుటుంబం మొత్తానికి సంబంధించిన పరీక్ష. లుటీషియం పీఎస్ఎంఏ చికిత్స (క్యాన్సర్ కణాలకే అంటుకుని రేడియేషన్ ఇచ్చే ఇంజెక్షన్) ఇంకొకటి, దానికి ముందు పీఎస్ఎంఏ పెట్ స్కాన్‌లో జబ్బు వెలగాలి, న్యూక్లియర్ మెడిసిన్ విభాగం ఉన్న ఆసుపత్రిలోనే ఇస్తారు, ఖర్చు బాగా ఎక్కువ. పీఎస్ఏ తక్కువగానే ఉండి కాలేయంలోనో ఊపిరితిత్తుల్లోనో గడ్డలు పెరుగుతుంటే జబ్బు స్వభావమే మారిందేమోనని మళ్ళీ బయాప్సీ చేస్తారు, అప్పుడు కార్బోప్లాటిన్ అనే ఇంకో కీమో మందు కలిపి ఇవ్వడం గురించి ఆలోచిస్తారు.

3. పేషెంటును పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడండి

అన్నిటికన్నా కష్టమైన పని ఇది. మన దగ్గర కొడుకులు డాక్టరు గదిలోకి ముందుగా దూరి "నాన్నకి చెప్పొద్దు సార్, టెన్షన్ పడతాడు" అంటారు. ప్రేమతోనే అంటారు, నేను కాదనను. కానీ మొదటి కీమో అన్నిసార్లు ఎక్కించుకుని, వార్డులో పక్క మంచాల వాళ్ళతో కబుర్లాడి, వాళ్ళల్లో ఎవరు మళ్ళీ కనపడలేదో కూడా గమనించిన మనిషికి ఏమీ తెలియదనుకోవడం మన భ్రమ. మా నాన్న ఒకరోజు మంచం మీద నుంచే అన్నాడు: "అబ్బయ్యా, బయట నిలబడి మీరేం మాట్లాడుకుంటుండారో నాకు తెలవదనుకుంటుండారా? నాక్కూడా చెప్పండి, మోసేది నేను గదా."

చెప్పడమంటే అంకెలన్నీ ఏకరువు పెట్టమని కాదు. "నాన్నా, మొదటి మందు ఇక పనిచేయట్లేదంట, ఇంకోటుందంట, దాంతో నొప్పి తగ్గొచ్చు, నీరసం మాత్రం ఉంటుంది, నీకేం అనిపిస్తోంది?" అని అడిగి ఆగండి. వెంటనే మీరే జవాబు అందించొద్దు. ఒకాయన ఎంత కష్టమైనా మనవరాలి పెళ్ళి చూడాలంటాడు, ఇంకొకాయన ఇక సూదులు వద్దు, నొప్పి లేకుండా చూడండి చాలంటాడు. రెండూ సరైన జవాబులే. పెళ్ళి తేదీ ఉంటే డాక్టరుకు ముందే చెప్పండి, ఆ వారం తెల్లకణాలు బాగా పడిపోయే రోజుల్లో పడకుండా సైకిల్‌ను కాస్త అటూ ఇటూ జరపడం చాలాసార్లు కుదురుతుంది.

డాక్టరును అందరి ముందూ అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది: "ఏం కనపడితే ఈ మందు ఆపేస్తాం?" మొదలుపెట్టే రోజే ఇది తేలాలి. రెండు మూడు సైకిళ్ళు చూసి, స్కాన్ చూసి, ఫలితం లేకపోతే ఆపుదాం అని ముందే అనుకుంటే, ఆపే రోజు వచ్చినప్పుడు "మనం వదిలేశామా" అనే అపరాధభావం ఇంట్లో ఎవరి మీదా పడదు. బంధువులు కూడా ఉంటారు, ఫోన్ చేసి "హైదరాబాదు తీసుకెళ్ళలేదా" అంటారు. వాళ్ళకు జవాబు చెప్పే పని ఇంట్లో ఒకరికే అప్పగించండి, అమ్మకు మాత్రం కాదు.

4. ఎక్కడ వేయించుకోవాలి, డబ్బు ఎలా

నెల్లూరు వైపు వాళ్ళు ఊళ్ళోనే రెడ్‌క్రాస్ క్యాన్సర్ ఆసుపత్రి, మెడికల్ కాలేజీ ఆసుపత్రులు, లేదంటే తిరుపతి స్విమ్స్, అక్కడే టాటా ట్రస్టుల క్యాన్సర్ ఆసుపత్రి, చెన్నై అడయార్, రాయవేలూరు చూస్తారు. ఒంగోలు వైపు వాళ్ళు గుంటూరు ప్రభుత్వాసుపత్రిలోని నాట్కో క్యాన్సర్ సెంటర్, మంగళగిరి ఎయిమ్స్, హైదరాబాదు వైపు మొగ్గుతారు. నా అభిప్రాయం అడిగితే, సలహా కోసం ఒకసారి పెద్ద చోటికి వెళ్ళండి, మందు మాత్రం ఇంటికి దగ్గర్లో, రాత్రిపూట కూడా తలుపు తెరిచి ఉండే ఆసుపత్రిలో ఎక్కించుకోండి. ఈ కీమోలో ప్రమాదం ఎక్కించే రోజున తక్కువ, ఇంటికొచ్చాక వారం పది రోజులకు ఎక్కువ. చాలా పెద్ద ఆసుపత్రులు సైకిల్ ప్లాన్ కాగితం మీద రాసి ఇక్కడి ఆంకాలజిస్టుకు పంపడానికి ఒప్పుకుంటాయి, అడగాలి అంతే.

డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉంటే ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర దగ్గర కూర్చుని ఈ ఫలానా మందు, ఈ ఫలానా జబ్బు దశకు ప్యాకేజీలో ఉందా, ముందస్తు అనుమతికి ఎన్ని రోజులు పడుతుంది అని అడగండి. "కీమో ఫ్రీ" అనే మాట విని వెళ్ళిపోవద్దు, కీమోల్లో అన్ని మందులూ ఒకటి కాదు. డెబ్బై దాటినవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షల దాకా ఆయుష్మాన్ వయ వందన కార్డు ఉంది, కేంద్రం 2024 అక్టోబరులో మొదలుపెట్టింది, ఆధార్‌తో చేయించుకోవచ్చు. సొంత డబ్బుతో కొనాల్సి వస్తే ఒకే మందు వేర్వేరు కంపెనీలవి, ముద్రించిన ధర ఒకటి, అమ్మే ధర ఒకటి ఉంటాయి. ఆసుపత్రి ఫార్మసీలోనూ బయట హోల్‌సేల్‌లోనూ రెండు మూడు చోట్ల అడగండి. కాకపోతే బయట కొన్నది ఆ ఆసుపత్రి ఎక్కిస్తుందో లేదో ముందే కనుక్కోండి.

రైల్లో వెళ్ళేవాళ్ళకు క్యాన్సర్ పేషెంటు రాయితీ ఉంది. ఆసుపత్రి వాళ్ళు రైల్వే ఫారం మీద సంతకం చేసి ముద్ర వేసి ఇస్తారు. స్లీపర్, థర్డ్ ఏసీల్లో పేషెంటుకు పూర్తి రాయితీ, తోడు వెళ్ళేవాళ్ళకు 75 శాతం. పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో ఏసీ చెయిర్ కార్ అయితే ఇద్దరికీ 75 శాతం. ఫారం తీసుకుని స్టేషన్ కౌంటర్ దగ్గరే టికెట్ తీసుకోండి. ఇంకో సంగతి, నవంబరు, డిసెంబరు నెలల్లో సైకిల్ తేదీలు పడితే వాతావరణం చూసుకోవాలి. 2021 నవంబరులో పెన్నా పొంగి నెల్లూరు దగ్గర హైవే తెగింది, పడుగుపాడు దగ్గర పట్టాలు కొట్టుకుపోయాయి. తుఫాను హెచ్చరిక ఉంటే ఒకరోజు ముందే బయల్దేరండి, లేదా డాక్టరుకు ఫోన్ చేసి తేదీ మార్చుకోండి.

5. మొదటి సైకిల్‌కి ముందు వారం

రక్త పరీక్ష తప్పనిసరి. తెల్లకణాల్లో న్యూట్రోఫిల్స్ అనేవి 1500 కన్నా ఎక్కువ ఉంటేనే మొదలుపెడతారు. కాలేయం, కిడ్నీ పరీక్షలు కూడా చూస్తారు, కాలేయం బాగా దెబ్బతింటే ఈ మందు ఇవ్వరు. ఎముకలకు జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజెక్షన్ వేస్తున్నా, వేయబోతున్నా పళ్ళ డాక్టరుకు చూపించి పీకాల్సిన పన్ను ఉంటే ముందే పీకించండి. ఆ ఇంజెక్షన్ మొదలయ్యాక పన్ను పీకితే దవడ ఎముక మానకుండా ఇబ్బంది పెట్టవచ్చు.

షుగర్ ఉన్నవాళ్ళు జాగ్రత్త. ప్రెడ్నిసోలోన్ షుగర్ పెంచుతుంది, కీమో రోజు ఇచ్చే డెక్సామెథసోన్ అనే ఇంకో స్టెరాయిడ్ ఇంకా పెంచుతుంది. షుగర్ డాక్టరుకు ముందే చెప్పి మాత్రలు సరిచేయించుకోండి, ఇంట్లో గ్లూకోమీటర్ పెట్టుకోండి. వాడుతున్న ప్రతి మందూ చూపించండి, టీబీ మందు రిఫాంపిసిన్, కీటోకోనజోల్ లాంటి ఫంగస్ మాత్రలు, కొన్ని యాంటీబయాటిక్‌లు కాబాజిటాక్సెల్ మోతాదును ఒంట్లో తారుమారు చేస్తాయి. పసరు మందులు, బంధువులు తెచ్చిన పొడులు కూడా డాక్టరు ముందు పెట్టండి, తిడతారని దాచొద్దు. ఫ్లూ, న్యుమోనియా టీకాల గురించి కూడా ఈ వారమే అడగండి.

ఇంకా కొనాల్సినవి తక్కువే: డిజిటల్ థర్మామీటర్, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, డాక్టరు రాసిచ్చిన విరేచనాల మాత్ర, వాంతుల మాత్ర, ఒక డబ్బా గ్లవ్స్.

6. ఎక్కించే రోజు

పొద్దున్నే ఇడ్లీ లాంటిది తిని వెళ్ళండి, ఖాళీ కడుపుతో వద్దు. మందుకు అరగంట ముందు ఎలర్జీ రాకుండా సూదులు వేస్తారు. మొదటి, రెండో సైకిళ్ళలో మందు మొదలైన కొద్ది నిమిషాల్లోనే ఎలర్జీ రావడానికి అవకాశం ఎక్కువ కాబట్టి ఆ కాసేపు పక్కనే ఉండండి. ఛాతీ పట్టేసినట్టున్నా, మొహం ఎర్రబడినా, ఆయాసం వచ్చినా, ఒళ్ళు దద్దుర్లెక్కినా వెంటనే నర్సును పిలవాలి, "సీసా అయిపోనీలే" అనుకోవద్దు. సూది గుచ్చిన చోట మంటగా ఉన్నా చెప్పాలి. ఆ తర్వాత రెండు రోజులు మూత్రం, వాంతి శుభ్రం చేసేవాళ్ళు గ్లవ్స్ వేసుకోండి, మరుగుదొడ్డిలో నీళ్ళు రెండుసార్లు పోయండి.

తెల్లకణాలు పెరగడానికి చాలాసార్లు పెగ్‌ఫిల్‌గ్రాస్టిమ్ ఇంజెక్షన్ ఇచ్చి పంపిస్తారు, కీమో అయిన 24 గంటల తర్వాతే వేయాలి. పెద్ద వయసు వాళ్ళకు ఇది ఉంటుందా అని మీరే అడగండి, కాబాజిటాక్సెల్‌తో దీని అవసరం ఎక్కువ. దాన్ని ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టకూడదు, ఊపకూడదు. నెల్లూరు నుంచి ఊరికి బస్సులో తెచ్చేటప్పుడు ఐస్ ప్యాకు పెట్టిన డబ్బాలో, ఐసుకు నేరుగా తగలకుండా గుడ్డ చుట్టి తెండి. డీప్ ఫ్రీజర్ అరలో పెట్టొద్దు. ఊళ్ళో ఆర్ఎంపీ గారి చేత వేయించుకోవచ్చు, కానీ ఎక్కడ వేయాలో, చర్మం కిందే వేయాలని ఆసుపత్రిలో కాగితం మీద రాయించుకుని ఆయనకు చూపించండి. వేశాక నడుము, తుంటి ఎముకల్లో ఒకటి రెండు రోజులు లాగినట్టు ఉంటుంది.

7. జ్వరం: ఈ ఒక్క భాగం గోడకు అంటించండి

కీమో అయిన వారం నుంచి రెండు వారాల మధ్య తెల్లకణాలు బాగా పడిపోతాయి. ఆ రోజుల్లో జ్వరం 100.4 డిగ్రీలు తాకితే, లేదా చలి పుట్టి వణికితే, అది రాత్రి రెండు గంటలైనా సరే బయల్దేరాలి. "పొద్దున చూద్దాం" అనే మాట ఇక్కడ లేదు. పారాసెటమాల్ వేసి జ్వరం దించి పడుకోబెట్టడం ఇంకా ప్రమాదం, జ్వరం దిగుతుంది, లోపల ఇన్ఫెక్షన్ పెరుగుతూనే ఉంటుంది. తెల్లకణాలు లేని ఒంట్లో అది గంటల్లో రక్తమంతా పాకుతుంది. జ్వరం లేకపోయినా మనిషి మగతగా, తికమకగా మాట్లాడుతున్నా, బీపీ పడిపోయినా అదే లెక్క.

ఎక్కడికి వెళ్ళాలో ముందే తేల్చుకోండి. కీమో వేసిన ఆసుపత్రి చెన్నైలో ఉంటే ఆ రాత్రి చెన్నై వెళ్ళే పని కాదు. నెల్లూరులోనో ఒంగోలులోనో రాత్రంతా రక్తపరీక్ష చేసి, నరానికి యాంటీబయాటిక్ ఎక్కించగలిగే ఆసుపత్రి ఒకటి పగటిపూటే వెళ్ళి చూసి రండి. 108కి ఫోన్ చేసినా, సొంత కారున్నా, ఎవరు నడుపుతారో అనుకుని ఉంచండి. క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు కుర్రాడైతే ఆయనకు తోచకపోవచ్చు, మీరు స్పష్టంగా ఈ మాటలే చెప్పండి: "కాబాజిటాక్సెల్ కీమో అయి ఇన్ని రోజులైంది, జ్వరం ఇంత ఉంది, తెల్లకణాలు పడిపోయి ఉండొచ్చు, సీబీసీ, బ్లడ్ కల్చర్ పంపండి, రిపోర్టు కోసం ఆగకుండా యాంటీబయాటిక్ మొదలుపెట్టండి." గంటలోపు యాంటీబయాటిక్ పడాలన్నది వైద్య మార్గదర్శకాలు చెప్పే నియమం. ఓపీ చీటీ కోసం లైన్లో నిలబడమంటే ఒప్పుకోవద్దు, గొడవైనా ఫర్వాలేదు.

ఆ పది రోజులు గుంపుల్లోకి తీసుకెళ్ళొద్దు. రొట్టెల పండుగ, మాలకొండ శనివారం, పెళ్ళి భోజనాలు, అన్నీ తర్వాతి వారానికి. చూడటానికి వచ్చేవాళ్ళు దగ్గుతుంటే గడప దగ్గర్నుంచే పలకరించి పంపండి, నొచ్చుకుంటే నొచ్చుకోనీయండి.

8. విరేచనాలు, మూత్రం, తిండి

డోసిటాక్సెల్‌తో పోలిస్తే ఈ మందుకు తిమ్మిర్లు, గోళ్ళ బాధ తక్కువ, విరేచనాలు ఎక్కువ. మొదటి పల్చటి విరేచనానికే ఓఆర్ఎస్ మొదలుపెట్టండి, డాక్టరు రాసిచ్చిన మాత్ర వేయండి. రోజుకు మామూలు కన్నా నాలుగు విరేచనాలు ఎక్కువైనా, జ్వరం తోడైనా, రక్తం పడినా ఆసుపత్రికే. నీరు తగ్గి కిడ్నీలు దెబ్బతిన్న సందర్భాలు ఈ మందుతో ఉన్నాయి, అందులోనూ మన రోహిణి కార్తె ఎండల్లో. మూత్రం రంగు చూడమని పేషెంటుకే చెప్పండి, ముదురు పసుపు అయితే నీళ్ళు తక్కువైనట్టు, ఎరుపు కనపడితే ఫోన్ చేయాలి. కటి భాగానికి రేడియేషన్ అయినవాళ్ళకు మూత్రంలో రక్తం వచ్చే అవకాశం ఎక్కువ.

తిండి గురించి పెద్ద పథ్యాలు అక్కర్లేదు. వేడిగా వండి అప్పుడే పెట్టడం, కాచి చల్లార్చిన నీళ్ళు, చేతులు కడుక్కోవడం, ఇవి చాలు. ఇంట్లో వండిన చేపల పులుసు తినాలనిపిస్తే తినొచ్చు, బాగా ఉడకాలి, రెండో రోజుకు నిలవ పెట్టింది మాత్రం వద్దు. బయట కోసి పెట్టిన పండ్లు, చెరుకు రసం వద్దు. నోరు పూసినప్పుడు కారం, పచ్చడి మానేసి రాగి జావ, పెరుగన్నం, ఉడికించిన గుడ్డు ఇవ్వండి. ఒకేసారి పళ్ళెం నిండా పెట్టి "తిను నాన్నా" అని వెంటపడకుండా రెండు గంటలకోసారి కొంచెం కొంచెం ఇవ్వండి.

9. నడుము నొప్పి, కాళ్ళ బలహీనత

ఇవి కీమోకి సంబంధం లేకుండా జబ్బు వల్లే రావచ్చు. కొత్తగా వీపులో గానీ నడుములో గానీ నొప్పి వచ్చి, దగ్గితే తుమ్మితే ఎక్కువవుతూ, కాళ్ళు బరువెక్కి తడబడుతుంటే, తొడల లోపల మొద్దుబారితే, మూత్రం బిగబట్టుకుపోతే వెన్నుపాము నొక్కుకుపోతోందని అనుమానించాలి. అదే రోజు ఎమ్మారై చేయాలి. నడవగలిగే స్థితిలో చికిత్స మొదలైతే నడక నిలుస్తుంది, కాళ్ళు పడిపోయాక మొదలైతే తిరిగి రావడం చాలా కష్టం. "కీమో నీరసంలే" అని ఇంట్లో ఎవరన్నా అంటే వినొద్దు.

10. పనిచేస్తోందా, ఎప్పుడు ఆపాలి

మొదటి సైకిల్ తర్వాత పీఎస్ఏ కాస్త పెరిగితే బెంబేలెత్తొద్దు, మొదటి మూడు నెలల్లో అలా ఎక్కి తర్వాత దిగేవాళ్ళూ ఉంటారు. పీఎస్ఏ ఒక్కటే చూసి మందు మార్చరు. స్కాన్, నొప్పి, మనిషి తిరుగుడు, మూడూ కలిపి చూస్తారు. అందుకే ఇంట్లో ఒక నోటుబుక్కు పెట్టి రోజూ ఒక్క లైను రాయండి: నొప్పి పదికి ఎంత, ఎన్ని నొప్పి మాత్రలు, బయట అరుగు దాకా వచ్చారా లేదా. మా ఇంట్లో ఆ పని అమ్మ చేసింది, పదాలు కూడా ఎక్కువ రాయదు, "రెండు ఇడ్లీ, అరుగు మీద కూర్చున్నారు" అంతే. డాక్టరు గారు రిపోర్టుల కన్నా ముందు ఆ పుస్తకమే అడిగేవారు.

రోజులో ఎక్కువ భాగం మంచం మీదే గడుపుతున్నా, ప్రతి సైకిల్‌కీ ఆసుపత్రిలో చేరాల్సి వస్తున్నా, స్కాన్‌లో కొత్త చోట్లు కనపడినా, మూడో మెట్టులో ముందే అనుకున్న మాట గుర్తుచేసుకుని డాక్టరుతో కూర్చోండి. కీమో ఆపితే వైద్యం ఆగినట్టు కాదు. హార్మోన్ ఇంజెక్షన్ గురించి డాక్టరు వేరే చెప్పేదాకా దాని తేదీ తప్పించొద్దు. ప్రెడ్నిసోలోన్‌ను మీకు మీరే టక్కున మానేయొద్దు, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. ఒకచోట ఎముక బాగా నొప్పిగా ఉంటే అక్కడికి ఒకే ఒక్కసారి రేడియేషన్ ఇచ్చినా చాలామందికి ఉపశమనం వస్తుంది, రోజుల తరబడి తిరగక్కర్లేదు, అడగండి.

మార్ఫిన్ పేరు వినగానే భయపడేవాళ్ళు మన దగ్గర చాలామంది. డాక్టరు చెప్పిన మోతాదులో, నొప్పికి వాడితే అది వ్యసనంగా మారడం చాలా అరుదు. అన్ని మందుల షాపుల్లోనూ దొరకదు, అనుమతి ఉన్న ఆసుపత్రుల్లోనే ఇస్తారు కాబట్టి నొప్పి భరించలేనిదయ్యాక వెతకడం మొదలుపెట్టకుండా, ఇంకా బాగున్నప్పుడే ఏ ఆసుపత్రిలో పాలియేటివ్ (నొప్పి, బాధలు తగ్గించే) విభాగం ఉందో, అక్కడ మార్ఫిన్ ఉందో లేదో కనుక్కుని ఒకసారి పేరు నమోదు చేయించండి. మొదలుపెట్టిన రోజు నుంచే మలబద్ధకానికి మందు కూడా రాయించుకోండి. మూడు రోజులు కదలిక లేకుండా పడి ఉంటే ఆ బాధ నొప్పి కన్నా ఎక్కువైపోయి మార్ఫినే వద్దంటారు.